గ్యాలరీలో రాయికేం పని?

క్లుప్తంగా: శిలాజాలు, హిమనదాల మంచు, గని మట్టి, అణువ్యర్థాలు కొన్నేళ్లుగా సమకాలీన కళకు ముడిసరుకులవుతున్నాయి. మనిషి ప్రభావమే ప్రధానమైన కాలం అనే అర్థంలో వాడే ‘ఆంత్రోపోసీన్’ను కొత్త యుగంగా గుర్తించడానికి భూగర్భ శాస్త్రవేత్తల సంఘాలు 2024లో ఒప్పుకోకపోయినా ఈ ధోరణి తగ్గలేదు. శాస్త్రానికి యుగాల మధ్య గీత కావాలి, కళకు చేతికందే సాక్ష్యం చాలు. ఆ సాక్ష్యం ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తేలిపోతుంది, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నదే ఈ విశ్లేషణ.

ఒక ముద్ద, ఇద్దరి బల్లలు

హవాయి దీవుల్లో కమిలో అనే తీరం ఉంది. పసిఫిక్ ప్రవాహాలు ఎక్కడెక్కడి ప్లాస్టిక్‌నో మోసుకొచ్చి అక్కడ పోగుపెడుతుంటాయి. ఆ తీరంలో దొరికే ఒక రకం ముద్ద దూరం నుంచి మామూలు రాయిలాగే ఉంటుంది. చేతిలోకి తీసుకుని చూస్తే నల్లటి బసాల్ట్ ముక్కలు, పగడపు తునకలు, ఇసుక, గవ్వల పెంకులు కనిపిస్తాయి. వీటన్నిటినీ సిమెంటులా పట్టి ఉంచింది కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్. కొన్నిటిలో చేపల వల తాళ్లు సగం లోపల, సగం బయట ఇరుక్కుపోయి ఉంటాయి.

ఇవి అగ్నిపర్వతాల లావా వేడికి ఏర్పడ్డాయేమోనని మొదట్లో అనుమానించారు. పరిశీలిస్తే తేలింది వేరు. తీరానికి వచ్చినవాళ్లు రాత్రిళ్లు వేసుకున్న నెగళ్లలో ప్లాస్టిక్ కరిగి, కింద ఉన్నదాన్నల్లా కలుపుకుని గట్టిపడింది. సముద్ర పరిశోధకుడు చార్లెస్ మూర్, భూగర్భ శాస్త్రవేత్త ప్యాట్రీషియా కోర్కొరన్, కళాకారిణి కెల్లీ జాజ్‌వాక్ ముగ్గురూ కలిసి దీని గురించి 2014లో అమెరికా జియలాజికల్ సొసైటీ పత్రికలో రాశారు. ఈ పదార్థానికి పెట్టిన పేరు ప్లాస్టిగ్లామరేట్. గులకరాళ్లు అతుక్కుని ఏర్పడే శిలను కాంగ్లామరేట్ అంటారు కదా, దానికి ముందు ప్లాస్టిక్ చేరింది.

ఇందులో అసలు కీలకం బరువు. మామూలు ప్లాస్టిక్ తేలిక. గాలికి ఎగిరిపోతుంది, నీటి మీద తేలిపోతుంది, ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుంది. రాతితో కలిసి బరువెక్కితే మాత్రం ఉన్నచోటే ఇసుకలో కూరుకుపోతుంది. కూరుకుపోయినదానికే శిలల పొరల్లో చోటు దక్కే అవకాశం ఎక్కువ. అంటే ఎప్పుడో ఒక రాత్రి చలికాచుకోవడానికి వేసుకున్న మంట ఆనవాలు లక్షల ఏళ్ల తర్వాత కూడా మట్టిలో మిగిలి ఉండవచ్చు.

జాజ్‌వాక్ ఆ ముద్దలను చెక్కలేదు, రంగు పూయలేదు. ఉన్నవాటిని ఉన్నట్టుగా ప్రదర్శనలో పెట్టారు. కోర్కొరన్ బల్ల మీద అదే పదార్థం ప్రయోగశాల నమూనా. ఒకే ముద్ద ఒకచోట ఆధారం, ఇంకోచోట కళాఖండం. గ్యాలరీలో రాయి పెట్టి కళ అంటే ఎలా అన్న సందేహానికి జవాబు ఇక్కడినుంచే మొదలవుతుంది. కొండను చూసి వేసిన చిత్రం కొండను గుర్తు చేస్తుంది. ఈ ముద్ద దేన్నీ గుర్తు చేయదు, జరిగినదానిలో అదీ ఒక భాగమే. నేరస్థలం ఫొటోకూ, అక్కడ దొరికిన వస్తువుకూ మధ్య ఉన్న తేడా ఇది.

కోట్ల ఏళ్లను కంటికి ఆనించడం

1788లో స్కాట్లండ్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ పడవలో సికర్ పాయింట్ అనే రాతికొన దగ్గరికి వెళ్లాడు. అక్కడ కింద ముదురు రంగు రాతిపొరలు నిట్టనిలువుగా నిలబడి ఉన్నాయి. వాటి తలల మీద ఎర్ర ఇసుకరాతి పొరలు కాస్త వాలుగా పరుచుకుని ఉన్నాయి. పొరలు ఎప్పుడూ అడ్డంగానే పేరుకుంటాయి. కిందివి నిలబడ్డాయంటే అవి సముద్రం అడుగున పేరుకుని, గట్టిపడి, మడతలు పడి, పైకి లేచి, వానకూ గాలికీ అరిగిపోయి ఉండాలి. అంతా అయ్యాకే పైపొర ఇసుక వచ్చి చేరాలి. రెండు పొరలు కలిసేచోట అరచెయ్యి ఆనిస్తే ఆ చెయ్యి కింద ఉండేది కోట్ల సంవత్సరాల ఖాళీ. భూమి వయసు వేల ఏళ్లేనన్న నమ్మకాన్ని ఇలాంటి రాళ్లే కదిలించాయి. ఇప్పటి లెక్క 454 కోట్ల సంవత్సరాలు.

ఇంత పొడవైన కాలాన్ని ఇంగ్లిషులో డీప్ టైమ్ అంటున్నారు. తెలుగులో అగాధ కాలం అనుకోవచ్చు. కల్పాలు, యుగాలు అనే మాటలు మనకు కొత్త కాకపోయినా ఇక్కడ ఒక చిక్కుంది. భూగర్భ శాస్త్రంలో కాలాన్ని ఇయాన్, ఎరా, పీరియడ్, ఎపోక్, ఏజ్ అని మెట్లుమెట్లుగా విడగొడతారు. తెలుగు వార్తల్లో ఈ ఐదింటికీ యుగం అనే మాటే వాడేస్తుండటంతో ఏది ఎంత పెద్దదో తెలియకుండా పోతోంది. ఆంత్రోపోసీన్ వివాదం చాలామందికి అర్థం కాకపోవడానికి ఇదీ ఒక కారణమే.

భూమి చరిత్రనంతా ఒక్క రోజుగా కుదించి, మనిషి ఆఖరి క్షణాల్లో వచ్చాడని చెప్పే పోలిక పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ అది కాలాన్ని మన గడియారంలోకి ఇరికించి, చివరికి దాన్ని చిన్నదిగానే చూపిస్తుంది. కళాకారులలో మెరుగైనవాళ్లు ఆ దారిలో వెళ్లలేదు.

వాల్టర్ డి మరియా 1977లో జర్మనీలోని కాసెల్ నగరంలో చేసిన పని చూడండి. నడిబొడ్డున ఒక మైదానంలో కిలోమీటరు లోతున బోరు వేయించి, 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఇత్తడి కడ్డీని అందులోకి దింపారు. పైన రెండు మీటర్ల చదరపు ఇసుకరాతి పలక, దాని మధ్యలో నేలమట్టంగా కడ్డీ కొస. కనిపించేది అంతే, అరచేత్తో మూసేయగలిగినంత ఇత్తడి బిళ్ల. మిగతా కిలోమీటరు రాతిపొరల గుండా దిగుతూ పోయిందని నమ్మాల్సిందే. లోతును చూపించడం కుదరదని ఒప్పుకుని, లేనట్టు కనిపించేదాన్నే కళాఖండం చేశారు. భూమి మీద నిలబడే మనిషికి భూగర్భంతో ఉన్న పరిచయం ఎంతటిదో ఆ బిళ్ల పరిమాణమే చెబుతుంది.

స్కాట్లండ్ కళాకారిణి కేటీ ప్యాటర్సన్ దారి దీనికి ఎదురు. ఆమె 2013లో చేసిన హారంలో 170 పూసలు ఉన్నాయి. ఒక్కో పూస ఒక్కో కాలానికి చెందిన శిలాజం నుంచి చెక్కినది. జీవపరిణామం మొత్తం మెడలో వేసుకునే వస్తువుగా మారింది. 2022లో ఎడిన్‌బరోలో చూపిన ‘రెక్వియమ్’లో 364 గాజు సీసాలు వాడారు. సూర్యుడికంటే ముందు పుట్టిన ధూళి రేణువులు మొదలుకొని మన కాలపు పదార్థాల దాకా ఒక్కోటీ పొడి చేసి సీసాల్లో నింపారు. వాటిని వరసగా ఒక గాజు పాత్రలో పోస్తూ పోతే పొర మీద పొర పేరుకుంటుంది. అవక్షేపం ఎలా ఏర్పడుతుందో ఇక్కడ వర్ణించనక్కర్లేదు, అదే జరుగుతోంది. రెండింటిలో ‘రెక్వియమ్’ బలమైనదనిపిస్తుంది. హారం అందంగా ఉంది, కానీ అందంతోనే ఆగిపోయే ప్రమాదమూ అందులో ఉంది.

బుల్డోజర్ల తరం

ఈ కళకు పూర్వీకులు 1960ల చివర్లో, 1970ల్లో అమెరికా ఎడారులకు వెళ్లిన ల్యాండ్ ఆర్ట్ కళాకారులు. గ్యాలరీ గోడలు ఇరుకని భావించి నేలనే కాన్వాసు చేసుకున్నారు. నెవడాలో మైకేల్ హైజర్ 1969–70లో ఒక పీఠభూమి అంచుల్లో రెండు భారీ కందకాలు తవ్వించారు. పేరు ‘డబుల్ నెగటివ్’. పొడవు 1,500 అడుగులు, లోతు 50 అడుగులు. తవ్విపోసిన రాయి, మట్టి 2,40,000 టన్నులు. అదే రాష్ట్రంలో ఆయన 1970ల మొదట్లో మొదలుపెట్టిన ‘సిటీ’ అనే కాంక్రీటు, మట్టి నిర్మాణం మైలున్నర పొడవుకు పెరిగి, 2022లో గానీ సందర్శకులకు తెరుచుకోలేదు.

ఇందులోని విడ్డూరాన్ని దాటవేయడం కష్టం. భూమి పెద్దతనాన్ని మెచ్చుకోవడానికి వాడిన పరికరాలు గనుల్లో వాడేవే. డైనమైటు పెట్టి, బుల్డోజరు తోలి చేసిన కళాఖండానికీ మామూలు తవ్వకానికీ తేడా ఉద్దేశంలో ఉంది, నేల మీద పడ్డ గంటులో లేదు. ‘మనిషే ఒక భౌగోళిక శక్తి’ అని తర్వాత శాస్త్రవేత్తలు అన్న మాటను ఈ తరం తెలియకుండానే చేసి చూపింది.

వీటిలో కాలంతోపాటు అర్థం మారుతూ వచ్చినది రాబర్ట్ స్మిత్‌సన్ 1970 ఏప్రిల్‌లో కట్టిన ‘స్పైరల్ జెట్టీ’. యూటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున ఆరువేల టన్నులకు పైగా నల్ల బసాల్టు రాళ్లు, మట్టి పోయించి 1,500 అడుగుల పొడవున, 15 అడుగుల వెడల్పున చుట్టుకుపోయే కట్ట వేశారు. అక్కడి నీటి ఎర్రదనం చూసి ఆయన ఆ చోటు ఎంచుకున్నారు. ఉప్పుకు తట్టుకునే సూక్ష్మజీవులు, నాచు వల్ల వచ్చే రంగు అది. అయితే సరస్సు ఉత్తర భాగం అంత ఉప్పగా మారడానికి 1959లో సరస్సుకు అడ్డంగా పూర్తయిన రైలు కట్టే ప్రధాన కారణం. నదులన్నీ దక్షిణ భాగంలో కలుస్తాయి. కట్ట అడ్డం పడ్డాక ఉత్తరాన మంచినీళ్లు చేరడం తగ్గి, ఉప్పు చిక్కబడింది. ఆదిమకాలపు సముద్రంలా కనిపించిన ఆ ఎరుపు వెనక ఉన్నది అప్పటికి పదకొండేళ్ల కిందటి ఇంజనీరింగ్ పని.

కట్టిన రెండేళ్లకే నీటిమట్టం పెరిగి జెట్టీ మునిగింది. దాదాపు మూడు దశాబ్దాలు ఎక్కువగా నీటి కిందే ఉండి 2002లో మళ్లీ తేలింది. తేలినప్పుడు నల్లరాళ్లు తెల్లగా ఉన్నాయి, ఒంటినిండా ఉప్పు స్ఫటికాలు. ఈ మార్పు స్మిత్‌సన్‌కు నచ్చేదే. వస్తువులన్నీ క్రమంగా చెదిరి, అరిగిపోవడమనే ఎంట్రోపీ ఆయనకు ఇష్టమైన భావన. 1973లో విమాన ప్రమాదంలో చనిపోయిన ఆయన చూడనిది ఆ తర్వాతి దశ. సరస్సులోకి వచ్చే నదుల నీళ్లు పొలాలకు, పట్టణాలకు మళ్లుతున్నాయి. దానికి కరువు తోడయింది. 2022లో నీటిమట్టం ఎన్నడూ లేనంత తక్కువకు పడింది. నీటి అంచు జెట్టీకి చాలా దూరం జరిగిపోయి, ఇప్పుడు చుట్టూ ఎండిన ఉప్పునేల. ప్రకృతి చేసే అరుగుదలను చూపడానికి కట్టిన కట్ట మనిషి వాడేసిన నీళ్లకు కొలబద్ద అయింది. ఏ కళాకారుడూ ముందుగా పథకం వేసి సాధించలేని అర్థం ఇది.

అదే కాలానికి చెందిన ఆగ్నెస్ డెనిస్ మట్టిని తవ్విపోయడానికి బదులు నాటడం ఎంచుకున్నారు. ఫిన్లండ్‌లోని ఒక కంకర గని దగ్గర మానవనిర్మిత గుట్ట మీద 1992–96 మధ్య 11,000 మంది చేత 11,000 చెట్లు గణిత క్రమంలో నాటించారు. ఆ గుట్టకు 400 ఏళ్ల రక్షణ ఉంది. భూగర్భ కాలంతో పోలిస్తే 400 ఏళ్లు ఎంత! అయినా ఒప్పందాలు, చట్టాలు మోయగలిగే కాలం దాదాపు అంతే.

గీత ఎక్కడ గీయాలి?

2000లో వాతావరణ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రుట్జెన్, జీవశాస్త్రవేత్త యూజీన్ స్టోర్మర్ ఆంత్రోపోసీన్ అనే మాటను ముందుకు తెచ్చారు. 11,700 ఏళ్ల కిందట మొదలైన హోలోసీన్ ముగిసిందనీ, మనిషి ప్రభావమే ప్రధానమైన కొత్త దశలో ఉన్నామనీ వాదన. 2009లో దీన్ని పరిశీలించే కార్యవర్గం ఏర్పడింది.

కొత్త యుగం (ఇక్కడ ఎపోక్) కావాలంటే ప్రపంచమంతటా ఒకేసారి పడిన ముద్ర ఏదో ఒక పొరలో స్పష్టంగా కనిపించాలి. ఆ పొర ఉన్న చోటును సరిహద్దు గుర్తుగా ఎంచుతారు. కార్యవర్గం 2023లో కెనడాలోని క్రాఫర్డ్ లేక్‌ను ఎంచింది. సరస్సు చిన్నదే, లోతు మాత్రం సుమారు 24 మీటర్లు. అడుగు నీళ్లు పై నీళ్లతో కలవవు. అందుకే అడుగున చేరిన మట్టి చెదరకుండా ఏడాదికో జత పొరలుగా పేరుకుంటుంది, వేసవిలో తెల్లటి సున్నపు పొర, మిగతా కాలంలో నల్లటి సేంద్రియ పొర. చెట్టు వలయాల్లా లెక్కపెట్టవచ్చు. ఆ పొరల్లో అణుపరీక్షల ప్లుటోనియం, బొగ్గు మండిన బూడిద రేణువులు 1950ల ప్రాంతంలో ఒక్కసారిగా పెరుగుతాయి.

2024 మార్చిలో సంబంధిత ఉపసంఘం ఓటింగులో ఈ ప్రతిపాదన 12–4 తేడాతో వీగిపోయింది. అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర సమాఖ్య ఆ నిర్ణయాన్నే ఖాయం చేసింది. మనిషి భూమిని మార్చలేదని దీని అర్థం కాదు. వ్యవసాయం, అడవుల నరికివేత, పరిశ్రమలు వేల ఏళ్లుగా, ఒక్కో ఖండంలో ఒక్కో కాలంలో సాగాయి, వాటన్నిటినీ వదిలి 1950ల దగ్గర ఒక్క గీత గీస్తే ఎలా అన్నది అభ్యంతరం. దీన్ని యుగమనడం కంటే సుదీర్ఘ ఘటన అనడం మేలని కొందరి వాదన. పోలికకు, హోలోసీన్‌లోని చివరి భాగమైన ‘మేఘాలయన్’ను 2018లో ఆమోదించినప్పుడు మేఘాలయ రాష్ట్రంలోని మామ్లు గుహలో దొరికిన సున్నపు స్తంభం ఆధారంగా 4,200 ఏళ్ల కిందటి కరువును గుర్తుగా తీసుకున్నారు. అది ముగిసిపోయిన సంగతి. ఆంత్రోపోసీన్ ఇంకా జరుగుతోంది, దాని పొర మందం ఇంకా వేళ్లతో కొలిచేటంత.

ఓటు పోయింది గనుక ఆ పేరుతో వచ్చిన కళ కూడా చెల్లకుండా పోయిందా అని అడిగేవారున్నారు. పోలేదు. శాస్త్రవేత్తకు ఒకే తేదీ, ఒకే చోటు కావాలి. కళాకారులకు వంద తేదీలున్నా ఇబ్బంది లేదు. ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ, జెనిఫర్ బైచ్‌వాల్, నికొలస్ డి పెన్సియర్ 2018లో కెనడాలో ‘ఆంత్రోపోసీన్’ పేరుతో చేసిన ప్రదర్శనలో రష్యాలోని బెరెజ్నికి పొటాష్ గని సొరంగం చిత్రం ఉంది. తవ్వే యంత్రం తిరిగినచోటల్లా గోడ మీద శంఖంలాంటి గుండ్రటి చుట్లు పడ్డాయి. పెద్ద శిలాజపు అచ్చనే అనుకుంటాం. ఏ సంఘం ఆమోదించినా మానినా ఆ చుట్లు ఆ రాతిలోనే ఉన్నాయి. భూమి మీద మనిషి తయారుచేసిన వస్తువుల బరువు, సజీవ పదార్థమంతటి పొడి బరువుతో 2020 ప్రాంతంలో సమానమైందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. సుమారు 1.1 లక్షల కోట్ల టన్నులు.

బర్టిన్‌స్కీ చిత్రాల మీద ఒక విమర్శ ఎప్పటినుంచో ఉంది, విధ్వంసం మరీ అందంగా కనిపిస్తుందని. అందులో నిజం లేకపోలేదు. ఆకాశం నుంచి చూస్తే విషపు చెరువు కూడా రంగవల్లే.

‘మనిషి’ అంటే ఎవరు?

ఆంత్రోపోసీన్ అనే మాటలోనే ఒక మెలిక ఉంది. ‘ఆంత్రోపోస్’ అంటే మనిషి. గని యజమానీ మనిషే, ఆ గని కోసం ఊరు వదిలినవాడూ మనిషే. ఇద్దరినీ ఒకే గాటన కడితే బాధ్యత గాలిలో కలిసిపోతుందని సామాజిక శాస్త్రవేత్తలు చాలాకాలంగా అంటున్నారు. శాస్త్రపు ఓటింగు పట్టించుకోని ఈ ప్రశ్న దగ్గర కళ ఎక్కువ పని చేసింది.

నైజీరియాలో పుట్టిన ఒటొబొంగ్ న్కంగ నమీబియాలోని సుమెబ్ గనికి వెళ్లారు. ఒకప్పుడు అక్కడ రాగి ఖనిజంతో పచ్చగా మెరిసే గుట్ట ఉండేది. వలసపాలన కాలంలో తవ్వకం మొదలై గుట్ట పోయింది, గొయ్యి మిగిలింది. గుట్ట నుంచి ఎత్తుకుపోయిన రాగి ఏ దేశంలో ఎక్కడ మెరుస్తోంది అన్నది ఆమె పనుల్లో తిరిగితిరిగి వచ్చే ప్రశ్న. సౌందర్య సాధనాలకు తళుకునిచ్చే అభ్రకం మీద కూడా ఆమె ఇలాంటి పనే చేశారు.

అమర్ కన్వర్ ‘ద సావరిన్ ఫారెస్ట్’ ఒడిశాలో గనులు, పరిశ్రమల కోసం జరిగిన భూసేకరణ చుట్టూ అల్లినది. అందులోని చలనచిత్రంలో పొలాలు, చెట్లు, గాలికి ఊగే గడ్డి నింపాదిగా సాగిపోతుంటాయి. చూపిస్తున్న ప్రతి చోటూ దాదాపు పరిశ్రమల కోసం తీసుకోవాలని ప్రతిపాదించినదే అని తెలిశాక ఆ గడ్డిని మునుపటిలా చూడలేం. పక్కనే 272 దేశవాళీ వరి రకాల విత్తనాలు. ఇక్కడ విత్తనాలు ప్రదర్శన అలంకారాలు కావు. భూమి ఎవరిదో తేల్చే వివాదంలో దాఖలు చేసిన ఆధారాలు.

ప్రభాకర్ పాచ్‌పుటే విషయంలో పదార్థమే కథ చెబుతుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ బొగ్గుగనుల ప్రాంతంలో, తరాలుగా గనుల్లో పనిచేసిన కుటుంబంలో పుట్టిన ఆయన గ్యాలరీ గోడల మీద నేరుగా బొగ్గుతో గీస్తారు. మనుషుల తలల స్థానంలో గని దీపాలు, యంత్రాలు మొలిచి ఉంటాయి. తెలుగులో చెట్టును కాలిస్తే వచ్చేది కర్రబొగ్గు, గనిలోంచి వచ్చేది రాక్షసిబొగ్గు. ఇంగ్లిషులో రెండు వేర్వేరు పదాలున్నచోట తెలుగు ఒకే బొగ్గును పెట్టి, వయసు పెద్దదానికి రాక్షసి అని తగిలించింది. చంద్రపూర్ రాక్షసిబొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవులది. నిన్నటి కొమ్మను కాల్చి చేసిన పుల్లతో ఆ గని బొమ్మ గీయడంలో రెండు కాలాల కర్బనం ఒకే గోడ మీదికి వస్తుంది. ముట్టుకుంటే వేలికి అంటుతుంది కూడా.

కరిగే మంచుకు ఖర్చు లెక్క

మంచుతో చేసే పనులు జనంలోకి త్వరగా వెళ్తాయి. కేటీ ప్యాటర్సన్ 2007లో ఐస్‌లండ్‌లోని మూడు హిమనదాల చప్పుడు రికార్డు చేసి, ఆ హిమనదాల కరుగునీటినే గడ్డకట్టించి గ్రామఫోన్ రికార్డులుగా పోత పోశారు. మూడు ప్లేయర్ల మీద అవి తిరుగుతాయి. సూది కింద మంచు కరుగుతున్నకొద్దీ ధ్వని గరగరలోకి జారుతుంది. రెండు గంటలు గడిచేసరికి మిగిలేది నీళ్లే. విషయమూ, వస్తువూ, ముగింపూ అన్నీ ఒకే పదార్థంలో కుదిరిన పని ఇది.

ఓలఫూర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి చేసిన ‘ఐస్ వాచ్’ ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. గ్రీన్‌లండ్ మంచుపలక నుంచి విరిగిపడి సముద్రపు పాయలో తేలుతున్న దిమ్మలను కోపెన్‌హేగెన్‌కు (2014), వాతావరణ సదస్సు జరుగుతుండగా పారిస్‌కు (2015), లండన్‌కు (2018) తెచ్చి బజారులో పెట్టారు. జనం వాటిని తాకారు, హత్తుకున్నారు, చెవి ఆనించి విన్నారు. మంచు కరుగుతుంటే లోపల వేల ఏళ్లుగా నొక్కుకుపోయిన గాలిబుడగలు చిటపటమని పేలతాయి. శాస్త్రవేత్తలు పాత వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచేది సరిగ్గా ఇలాంటి బుడగల్లోనే. అంటే బజారులో ఆగి చెవి పెట్టిన మనిషి విన్నది ఒక పురావస్తు పెట్టె తెరుచుకున్న చప్పుడు.

దిమ్మలను శీతల కంటెయినర్లలో అంతదూరం తేవడం కాలుష్యం కాదా అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. నిర్వాహకులే లెక్క కట్టించి బయటపెట్టారు. పారిస్ ప్రదర్శనకు సుమారు 30 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు అయ్యాయి. ముప్పై మంది పారిస్ నుంచి గ్రీన్‌లండ్‌కు విమానంలో వెళ్లొస్తే అయ్యేంత. చూసినవారి సంఖ్యతో పోలిస్తే ఎక్కువేమీ కాదన్నది సమర్థన. లెక్క చెప్పడం మంచి సంప్రదాయమే. కానీ ఈ తరహా సమర్థన ఎంత పెద్ద ప్రదర్శనకైనా పనికొస్తుంది, అదే దాని బలహీనత.

ఈ ఒత్తిడి ఫలితం ఇప్పటికే కనిపిస్తోంది. 2030 నాటికి కళారంగ ఉద్గారాలను కనీసం సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో 2020లో లండన్‌లో గ్యాలరీ క్లైమేట్ కొయలిషన్ ఏర్పడింది. విమానాల్లో కళాఖండాలు పంపడం, గదుల్లో ఏడాది పొడవునా ఒకే ఉష్ణోగ్రత ఉంచడం వంటివి చర్చకు వస్తున్నాయి. బరువైన రాళ్లను ఖండాలు దాటించే పనులకు ముందుముందు కష్టకాలమే. ఉన్నచోటికి వెళ్లి చూడాల్సిన పనులు, అక్కడి మట్టితో అక్కడే చేసే పనులు పెరగవచ్చు. శాస్త్రవేత్త పేరు కళాకారుడి పేరు పక్కన సమాన స్థాయిలో కనిపించడం కూడా మామూలవుతోంది.

పేరుకు ఈ ధోరణిలోనే ఉన్నా తేలిపోయే పనులు తక్కువేం కాదు. ఒక బండరాయి తెచ్చి పెట్టి, గోడ మీద మూడు పేరాల తాత్వికత అతికిస్తే ఆ రాయికీ పక్కవీధిలోని రాయికీ తేడా ఆ కాగితమే. గోడ మీది కాగితం తీసేసినా వస్తువులో జరిగింది కనిపిస్తోందా అన్నది పనికొచ్చే పరీక్ష. జూలియన్ షారియేర్ పాత కంప్యూటర్ల విడిభాగాలను కృత్రిమ లావాతో కలిపి కరిగించి చేసిన ముద్దలు ఈ పరీక్షలో నెగ్గుతాయి. గనిలోంచి వచ్చిన లోహం మళ్లీ రాయిలా మారడం వాటి ఒంటి మీదే కనిపిస్తుంది.

ఇంకా పుట్టని ప్రేక్షకుడు

వెనక్కి కోట్ల ఏళ్లు చూసే కళకు ముందుకు చూడటం అణువ్యర్థాలు నేర్పాయి. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికి సుమారు 24,100 ఏళ్లు పడుతుంది. అమెరికాలోని న్యూమెక్సికోలో నేలకు సుమారు 650 మీటర్ల దిగువన, 25 కోట్ల ఏళ్ల నాటి ఉప్పుపొరలో 1999 నుంచి అణ్వాయుధ పరిశ్రమ వ్యర్థాలను పూడుస్తున్నారు. ఉప్పురాయికి ఒక గుణం ఉంది. పైబరువుకు అది చాలా నెమ్మదిగా పాకుతూ గదులను మూసేస్తుంది. పాతిపెట్టినదాన్ని భూమే కప్పేస్తుందన్నమాట. 10,000 ఏళ్ల తర్వాత ఇక్కడ ఎవరూ తవ్వకుండా హెచ్చరించడం ఎలా? అప్పటికి ఇప్పటి భాషలేవీ ఉండకపోవచ్చు. దీని కోసం భాషావేత్తలు, కళాకారులు కూడా ఉన్న బృందాల చేత చేయించిన అధ్యయనం 1993లో వచ్చింది. నేలలోంచి పొడుచుకొచ్చే పెద్ద రాతి ముళ్ల మైదానం అందులోని ఒక ఊహ. కానీ విచిత్రమైన కట్టడం కనబడితే మనిషి పారిపోతాడా, తవ్వి చూస్తాడా? చరిత్రలో పాత సమాధులకు పట్టిన గతి చూస్తే రెండోదే ఎక్కువ.

ట్రెవర్ పాగ్లెన్ 2015లో చేసిన ‘ట్రినిటీ క్యూబ్’ ఈ భయాన్ని ఒక ఘనంలోకి కుదించింది. లోపలి భాగం 1945 జులైలో తొలి అణుపరీక్ష వేడికి ఎడారి ఇసుక కరిగి ఏర్పడిన ట్రినిటైట్ గాజు. దాని చుట్టూ జపాన్‌లో అణు ప్రమాదం జరిగిన ఫుకుషిమా నిషిద్ధ ప్రాంతంలో ఏరిన పగిలిన గాజు. దాన్ని తీసుకెళ్లి ఆ నిషిద్ధ ప్రాంతంలోనే ఒక ప్రదర్శనలో భాగంగా పెట్టారు. ప్రదర్శన ప్రారంభమైంది, ప్రేక్షకులకు మాత్రం ప్రవేశం లేదు.

అదే ఏడాది కళాకారిణి టేరిన్ సైమన్, రష్యా చిత్రకారుడు మలేవిచ్ ‘నల్ల చదరం’ అనే చిత్రం వేసి నూరేళ్లయిన సందర్భంలో, రష్యా అణు సంస్థతో కలిసి అణువ్యర్థాన్ని గాజుగా మార్చి ఒక నల్ల చదరం పోత పోయించారు. రేడియోధార్మికత మనిషికి హాని చేయనంతగా తగ్గడానికి సుమారు వెయ్యేళ్లు పడుతుంది. మాస్కోలోని గ్యారేజ్ మ్యూజియంలో దాన్ని 3015 ప్రాంతంలో ప్రదర్శించాలని అనుకున్నారు. అంతవరకు అది అణువ్యర్థాల నిల్వకేంద్రంలోనే ఉంటుంది. చదరం లోపల ఒక ఉక్కు గొట్టం, అందులో భవిష్యత్తుకు సైమన్ రాసిన ఉత్తరం.